కాదు తాతా!

తిబో తాత తన జన్మలో ఏ వస్తువునూ దాని పేరుతో పిలిచిన పాపాన పోలేదు. పిల్లిని చూస్తే మేక అంటాడు. చేతికి కాఫీ ఇస్తే, ఊదుకుంటూ తాగి, "కిరసనాయిలు ఇవాళ బాగా కుదిరింది" అంటాడు. పొద్దున్నే కిటికీ తెరిచి వీధిలో పోయేవాళ్ళందరికీ గుడ్ నైట్ చెబుతాడు. చర్చిలో పెట్టిన పేరు ప్రిమిటీవో. అదైనా సరిగ్గా చెబుతాడా అంటే అదీ లేదు. ఓటర్ల పేర్లు రాసుకోవడానికి వచ్చిన కుర్రాడికి వరసగా నలుగురు పునీతుల పేర్లు చెప్పి, చివరికి తన పేరు ఇమెల్డానేమో అని అనుమానం వ్యక్తం చేశాడు. కుర్రాడు పెన్ను మూసి మెట్ల మీద కూలబడ్డాడు.

వీధి చివర కోరింగ్ బాచోయ్ కొట్టు. మరిగే పులుసులో నూడిల్స్, పంది కార్జం వేసి, పైన వేయించిన వెల్లుల్లి చల్లి ఇస్తుంది. ఇలోఇలో నగరం మొత్తం మీద లా పాజ్ పేట బాచోయే బాచోయ్ అని ఆ పేటవాళ్ళ నమ్మకం. అక్కడ రోజూ మధ్యాహ్నం ఇదే గొడవ.

"కోరింగ్! ఒక ఐస్‌క్రీం. వేడిగా ఉండాలి."

"ఐస్‌క్రీం కాదయ్యా, బాచోయ్! నా పెళ్ళికి ముందు నించీ తింటున్నావు, పేరు రాదా?"

"అదేలే. పైన సున్నం కాస్త దండిగా చల్లు."

"సున్నం కాదు, వెల్లుల్లి! నీ దుంపతెగ, పక్కన కొత్తవాళ్ళు తింటున్నారు!"

కొత్తవాళ్ళు చెంచాలు కింద పెట్టి గిన్నెల్లోకి తొంగిచూసేవారు. పాతవాళ్ళు పడీపడీ నవ్వేవారు. పిల్లలకైతే తిబో తాతే జాతర. సైకిలు తెచ్చి ముందు నిలబెట్టి, "తాతా, ఇదేంటి?" అని అడిగేవారు. తాత చుట్టూ తిరిగి, సీటు తట్టి, "మంచి ఏనుగు. ఎంతకి కొన్నావు?" అనేవాడు. "కాదు తాతా!" అని పిల్లల కేక లేచేది. ఆ కేకకు పక్క వీధి కుక్కలు కూడా మొరిగేవి.

ఒకసారి పేట పండగలో ఎవడో బుద్ధిలేనివాడు తాతకి మైకు ఇచ్చాడు. అందాల రాణిని పిలవమంటే తాత చర్చి ఫాదర్‌ని పిలిచాడు. పిలిస్తే పిలిచాడు, కిరీటం తీసుకెళ్ళి ఆయన నెత్తిన పెట్టాడు. ఫాదర్ మంచివాడు కాబట్టి కాసేపు తియ్యలేదు. అసలు రాణి మాత్రం ఏడ్చింది.

ఎందుకిలా అని అడిగితే తలో కారణం చెప్పేవారు. ఊళ్ళో జనాన్ని ఎక్కించుకు తిరిగే జీప్నీ బండి నడిపి నడిపి ఎండకి బుర్ర కరిగిందని కొందరు, చిన్నప్పుడు కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడని ఇంకొందరు. ఆయన కోడలు జోనాలిన్ మాత్రం మొహమాటం లేకుండా అనేది: "మా మావయ్య తలలో పేర్ల డబ్బా బోర్లా పడింది. ఏరుకోవడానికి బద్ధకం."

జోనాలిన్ అలా అనడానికి ఆమె దగ్గర గట్టి సాక్ష్యమే ఉంది. ప్రతి పండక్కీ చెప్పే కథే అది.

కాలేజీ చదువుకని కొండ ఊరి నుంచి వచ్చిన కొత్తలో జోనాలిన్ నోట్లో నాలుక లేని పిల్ల. జీప్నీకి గంట ఉండదు. దిగాల్సినవాళ్ళు అందరి ముందూ గొంతెత్తి "ఇక్కడ ఆపండి" అనాలి. అనకపోతే బండి ఆగదు. జోనాలిన్ అనలేకపోయేది. పెద్దమ్మ ఇల్లు చర్చి పక్కనే అయినా, చర్చి వెళ్ళిపోతుంటే కిటికీలోంచి దీనంగా చూస్తూ కూర్చుని, తర్వాత వచ్చే బజారులో ఎవరో దిగితే వాళ్ళ వెనకాల దిగి, పుస్తకాలు గుండెకు హత్తుకుని వెనక్కి నడిచి వచ్చేది. ఎండైనా, వానైనా.

ఒకరోజు చర్చి దగ్గరపడుతుండగా డ్రైవరు గట్టిగా అరిచాడు. "విమానాశ్రయం! విమానాశ్రయం వాళ్ళు దిగండి!"

జీప్నీలోవాళ్ళు తలెత్తి బయటికి చూశారు. ఎదురుగా చర్చి. చర్చి మీద శిలువ. శిలువ మీద పావురం.

"విమానాశ్రయం!" అన్నాడు మళ్ళీ డ్రైవరు. "దిగేవాళ్ళు లేకపోతే పోనిస్తున్నా."

జోనాలిన్ ఇక తట్టుకోలేకపోయింది. "విమానాశ్రయం కాదు! చర్చి! ఆపండి!" అని అరిచేసింది. జీప్నీ అంతా తిరిగి చూసింది. డ్రైవరు బ్రేకు వేసి, అద్దంలోంచి చూసి, "ఓ, చర్చా? సరే, విమానం రేపు ఎక్కుదాం" అన్నాడు.

అది మొదలు. మర్నాడు ఆయన చర్చిని చేపల రేవు అన్నాడు, ఆ మర్నాడు జైలు అన్నాడు. జోనాలిన్ రోజూ అరిచింది. ఏడాది తిరిగేసరికి ఆ దారిలో ఆమెను మించిన గొంతు లేదు. పక్కన కూర్చుని చిల్లర అందుకునే డ్రైవరు కొడుకు ఎర్విన్ ఆ గొంతుకే పడిపోయాడు. "ఎదురుగా అంత చర్చి పెట్టుకుని విమానాశ్రయం అన్నాడండీ మా మావయ్య!" అని జోనాలిన్ ఈ కథ ముగించేది. అందరూ నవ్వేవారు. తాత అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఇప్పుడు ఎర్విన్ ఓడ మీద పనిచేస్తున్నాడు. ఇంట్లో తాత, జోనాలిన్, నాలుగేళ్ళ పిపాయ్.

పిపాయ్ మాట్లాడదు. చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. పక్కింట్లో బిస్కెట్ పొట్లం చింపితే ఇక్కడ నిద్ర లేస్తుంది. మాట మాత్రం బయటికి రాదు. దానికి తోడు ఆ వీధిలో పెద్దవాళ్ళే దేన్నీ చేత్తో చూపించరు, మూతితో చూపిస్తారు. ఉప్పెక్కడంటే మూతి చాస్తారు. ఆయనెక్కడంటే మూతి చాస్తారు. అవునని చెప్పాలంటే కనుబొమలు ఎగరేస్తారు. పిపాయ్ ఆ విద్యలో పెద్దవాళ్ళను మించిపోయింది. పాలకి ఒక మూతి, అరటిపండుకి ఒక మూతి, అమ్మ చీవాట్లకి ఒక మూతి. జోనాలిన్ ఎంత చురుకైన తల్లంటే, ఆ మూతి పూర్తిగా తిరిగేలోపే పండు ఒలిచి చేతిలో పెట్టేది.

పిపాయ్ నోట గట్టిగా పలికే మాట ఒకటే: "కాదు." అదీ తాత దగ్గరే. ఆయన చెప్పు తీసి నెత్తిన పెట్టుకుని టోపీ అంటే, పిల్ల కిలకిలా నవ్వి "కాదు" అనేది. ఎప్పుడైనా మరీ ఒళ్ళు మండితే ఇంకో ముక్క కూడా కలిపేది. జోనాలిన్ అది చూసి తల కొట్టుకునేది. "పిల్లకి వచ్చిన ఒక్క మాటా 'కాదు' అయింది! మీ పుణ్యమే మావయ్యా!"

బడిలో చేర్చడానికి వెళితే పెద్ద టీచరమ్మ పిపాయ్‌తో కాసేపు కూర్చుని చూసింది. "ముందు స్పీచ్ థెరపీ వాళ్ళ దగ్గర పరీక్ష చేయించండమ్మా. పిల్లకి ఏం వచ్చో, ఏం సాయం కావాలో రాసిస్తారు. అది చూసి ఈ ఏడే చేర్చుకుంటాం. ఏమీ తెలియకుండా చేర్చుకుంటే వెనక బెంచీలో కూర్చోబెట్టి మరిచిపోయినట్టే" అంది.

ఆ పరీక్షకి నెలల తరబడి వరస. ఒకే ఒక్క థెరపిస్టు, పేట పేట నుంచీ పిల్లలు. ఎట్టకేలకు రోజు ఖాయమైంది. జోనాలిన్‌కి ఆనందం రాలేదు, వణుకు పుట్టింది. పిల్ల కొత్త మనిషి ముందు నోరు విప్పకపోతే? "ఏమీ రాదు" అని రాసేస్తే? మళ్ళీ వరసలో నిలబడి తిరిగి వచ్చేసరికి ఇంకో ఏడు పోతుంది.

థెరపీ కేంద్రం వాళ్ళు ఫోనుకి సందేశం పంపారు. పిల్లను బాగా నిద్రపోనివ్వండి, తినిపించి తీసుకురండి, ఇష్టమైన బొమ్మ ఒకటి తెండి, ప్రత్యేకంగా ఏమీ నేర్పించక్కర్లేదు.

"నేర్పించక్కర్లేదు అన్నారంటే, నేర్పించుకొస్తామా లేదా అని చూడ్డానికే" అంది జోనాలిన్.

ఆ ఊళ్ళో పరీక్ష అంటే ఇంగ్లీషే. ఇంట్లో వాళ్ళు ఇలోంగో తప్ప ఇంకోటి మాట్లాడి ఎరగరు. అయినా ఆ రోజు నుంచి ఇంట్లో ఇలోంగో బంద్. అన్నం రైస్ అయింది, చేప ఫిష్ అయింది, దోమ ఏమవుతుందో ఎవరికీ తెలియక దోమల్ని మాట్లాడకుండా కొట్టారు. ఎర్విన్ ఓడ మీంచి వీడియోలో కనిపిస్తే అతనికీ ఇంగ్లీషే. "ఏమే, నేను కెప్టెన్‌తో కూడా ఇంత ఇంగ్లీషు మాట్లాడను" అని అతను మొత్తుకున్నాడు. "స్పీక్ ఇంగ్లీష్!" అంది జోనాలిన్. అతను "బై" అని పెట్టేశాడు.

కోరింగ్‌కీ హుకుం వెళ్ళింది. "అక్కా, పిపాయ్ కొట్టుకి వస్తే ఇంగ్లీషులోనే పలకరించు."

"నాకొచ్చిన ఇంగ్లీషు 'క్లోజ్డ్' ఒక్కటేనే. తలుపు మీద రాసుంటుంది. అదే అననా?"

బజారు నుంచి బొమ్మల అట్టలు వచ్చాయి. ఆపిల్, ద్రాక్ష, మంచు మనిషి, ఇగ్లూ. ఇగ్లూని పిపాయ్ చూడలేదు, జోనాలిన్ చూడలేదు, ఆ అట్ట అమ్మినవాడూ చూసి ఉండడు. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని "సే ఇగ్లూ" అంటే పిల్ల తల్లి పెదాల వంక చూస్తూ కూర్చునేది. అప్పుడే తాత అటుగా వచ్చి అట్ట మీదకి వంగాడు.

"ఓహో. కోరింగ్ కొప్పు."

పిపాయ్ పకాలున నవ్వింది. "కాదు!"

"కాదా? మరేంటది?"

పిపాయ్ నోరు తెరిచింది. ఏదో రాబోయింది. అంతలో జోనాలిన్ పేలింది.

"మావయ్యా! చేతులెత్తి దణ్ణం పెడతాను. పరీక్ష అయ్యేదాకా దీని ముందు మీరు నోరు విప్పొద్దు. అక్కడ ఆవిడ ఆపిల్ చూపిస్తే ఇది పీత అంటుంది. అప్పుడేం రాస్తారు దీని గురించి?"

తాత ఆమె మొహం చూశాడు. కోపం కాదు అక్కడ ఉన్నది, భయం.

"సరే నాయనమ్మా" అన్నాడు.

"నాయనమ్మని కాదు, కోడల్ని!"

"అదేలే" అని, తాత నోరు మూసుకున్నాడు.

నిజంగానే మూసుకున్నాడు. వీధికి దిక్కు తోచలేదు. పిల్లలు సైకిలు తెచ్చి నిలబెడితే కనుబొమలు ఎగరేసి ఊరుకున్నాడు. ఎద్దు కొమ్ము తెచ్చారు, పగిలిన కుండ తెచ్చారు, చివరికి ఒక బతికున్న కోడిని తెచ్చారు. తాత నోరు మెదపలేదు. కోరింగ్ కొట్లో మూతి చాచి గిన్నె చూపించాడు. ఆమె వడ్డించింది కానీ, గరిటె విసిరికొట్టింది. "నువ్వు ఐస్‌క్రీం అనకపోతే నా పులుసుకి రుచి రావట్లేదయ్యా!"

ఇల్లు కూడా మూగబోయింది. తాతకి పనిలేక పాత డబ్బా రేకులు కత్తిరించి పిపాయ్‌కి ఒక చిన్న జీప్నీ చేశాడు. దాని ముందు వెనక్కి, వెనక ముందుకి పెట్టి రంగు వేశాడు. పిల్ల దాన్ని పట్టుకుని తాతను చూసేది. తాత పిల్లను చూసేవాడు. ఇద్దరూ కనుబొమలు ఎగరేసుకునేవారు.

పరీక్ష ముందురోజు కోరింగ్ జోనాలిన్‌ని ఆపింది. "ఒసే, పిల్ల ఇప్పుడు 'కాదు' కూడా అనట్లేదు, గమనించావా?"

జోనాలిన్ గమనించింది. రాత్రుళ్ళు నిద్రపట్టనిది అందుకే. అయినా, "రేపటికి కుదురుకుంటుందిలే అక్కా" అని వెళ్ళిపోయింది.

మర్నాడు తాత కూడా బయల్దేరాడు. రేకు జీప్నీ మోసే బాధ్యత తనదని మూతితో చెప్పాడు. నోరు తెరవకూడదన్న షరతు మీద జోనాలిన్ ఒప్పుకుంది.

థెరపిస్టు పేరు డెల్ఫా. సన్నటి మనిషి, చెప్పులు విడిచి చాప మీద కూర్చుని ఉంది. జోనాలిన్ గుమ్మంలోనే మొదలుపెట్టింది. "గుడ్ మార్నింగ్ మేడమ్, దిస్ ఈజ్ మై డాటర్..."

"రండి వదినా, అన్నం తిన్నారా?" అంది డెల్ఫా, స్వచ్ఛమైన ఇలోంగోలో.

జోనాలిన్ చెప్పు సగం విప్పి ఆగింది. "ఇంగ్లీషులో... కాదా?"

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అందులోనే. పిల్ల బతుకు అందులోనే కదా ఉంది."

వారాల తరబడి రైస్ తిన్నదంతా జోనాలిన్ గొంతులో అడ్డం పడింది.

డెల్ఫా సబ్బు బుడగలు ఊదింది. పిపాయ్ కళ్ళు మెరిశాయి, నోరు కదల్లేదు. బంతి దాచి ఎక్కడని అడిగితే, సరిగ్గా బంతి ఉన్నచోటికే మూతి చాచింది. ఏనుగును తెమ్మంటే ఏనుగునే తెచ్చింది. చెప్పిందల్లా అర్థమవుతోంది. కానీ మాట రావాల్సి వచ్చిన ప్రతిసారీ తల్లి పెదాల వంక చూస్తోంది. పిల్ల పెదాలు కదిలీ కదలకముందే తల్లి ఎగిరి "ఆపిల్! చెప్పమ్మా, ఆపిల్!" అంటోంది. అక్కడ ఆపిలే లేదు.

"ఆగుదాం వదినా. తొందరేం లేదు" అంది డెల్ఫా మెల్లగా. బుడగల సీసాకి మూత పెట్టి అడిగింది. "ఇంట్లో ఎవరితో ఎక్కువ మాట్లాడుతుంది?"

నాతోనే అనబోయింది జోనాలిన్. తలుపు వైపు చూసింది. అద్దం తలుపు అవతల, ఒళ్ళో రేకు జీప్నీ పెట్టుకుని, బుగ్గలు పొంగించి, ఊపిరి బిగబట్టినవాడిలా కూర్చున్నాడు తిబో తాత.

"ఆయనతో" అంది. "కానీ మేడమ్, ఆయన అన్నీ తప్పు చెబుతారు."

"అన్నీనా?" డెల్ఫా కళ్ళు పెద్దవయ్యాయి. లేచి వెళ్ళి తలుపు తీసింది. "లోపలికి రండి తాతా."

తాత కోడలి వంక చూశాడు. వేలు పెదాల మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపాడు.

"మాట్లాడండి మావయ్యా" అంది జోనాలిన్. "మీ ఇష్టం వచ్చినట్టు మాట్లాడండి."

తాత చాప మీద చతికిలబడ్డాడు. రేకు జీప్నీని నెత్తిన పెట్టుకున్నాడు. డెల్ఫాని తేరిపార చూసి, పిపాయ్ చెవిలో, గది మొత్తానికి వినపడేలా, అడిగాడు. "ఈ టోపీతో నేను బాగున్నానా? ఏమే, ఈవిడ మన కోరింగేనా? చిక్కిపోయిందే!"

పిపాయ్ భుజాలు కదిలాయి. నవ్వు లోపల్లోపల తిరుగుతోంది. మూతి చాచింది.

తాత ఆ మూతి వంక చూడనే లేదు. జీప్నీ కింద పెట్టి, అందులో ఒక బొమ్మని కూర్చోబెట్టాడు. "గుర్రం ఎక్కింది. పోనీ!"

"కాదు" అంది పిపాయ్.

జోనాలిన్ లేవబోతే డెల్ఫా ఆమె చెయ్యి పట్టుకుంది.

"కాదా? మరి ఎవరు?" అని తాత ఆగాడు. ఆయన ఎప్పుడూ అలాగే ఆగుతాడని జోనాలిన్ ఆ రోజే చూసింది. నోరు కొద్దిగా తెరిచి, ప్రపంచంలో ఇంకే పనీ లేనివాడిలా, మొద్దు మొహం వేసుకుని ఆగుతాడు.

"బొమ్మ" అంది పిపాయ్. "బొమ్మ తాతా."

"ఓ, బొమ్మా? నాకేం తెలుసు." జీప్నీ చాప మీద బయల్దేరింది. చాప చివర చెక్క ఇల్లు ఒకటి ఉంది. తాత దాని దగ్గరికి వచ్చి గట్టిగా అరిచాడు. "విమానాశ్రయం! విమానాశ్రయం వాళ్ళు దిగండి!"

జోనాలిన్ చటుక్కున తాత మొహం వంక చూసింది.

"కాదు!" అంది పిపాయ్.

"దిగేవాళ్ళు లేరా? పోనిస్తున్నా." జీప్నీ ఇల్లు దాటిపోతోంది.

పిపాయ్ లేచి నిలబడింది. రెండు పిడికిళ్ళూ బిగించింది. "కాదు తాతా! ఇల్లు! ఇల్లు ఇక్కడ! తాతా, ఆపు!"

తాత బ్రేకు వేశాడు. డెల్ఫా చేతిలో పెన్ను పరుగెత్తుతోంది. జోనాలిన్ ఏడవలేదు. ఏడుపు రాబోయింది కానీ నవ్వు తోసుకుని ముందుకొచ్చేసింది. ఆ తర్వాత పిపాయ్‌ని ఎవరూ ఆపలేకపోయారు. తాత బంతిని గుమ్మడికాయ అన్నాడు, తిట్లు తిన్నాడు. కుర్చీని ఆవు అన్నాడు, తిట్లు తిన్నాడు. డెల్ఫా కూడా పెన్ను చూపించి "ఇది అరటిపండు కదూ?" అంటే, పిపాయ్ నడుం మీద చెయ్యి పెట్టుకుని, ఎవర్తివే నువ్వు అన్నట్టు చూసి, "కాదు! పెన్ను!" అని కొత్త మనిషికి కూడా చదువు చెప్పింది.

చివర డెల్ఫా ఏదీ దాచలేదు. "పిల్లకి సాయం కావాలి. వారం వారం తీసుకురండి. కానీ అర్థం చేసుకోవడంలో వయసుకి తగ్గట్టే ఉంది, రెండేసి మూడేసి మాటలు కలుపుతోంది. బడిలో చేర్చుకోమని నేను రాసిస్తాను. ఇంట్లో అట్టలు దాచెయ్యండి. అరటిపండు చేతికివ్వడానికి ముందు కాస్త ఆగండి." తర్వాత తాత వైపు తిరిగింది. "తప్పు చెప్పి ఆగడం మేం కూడా చేస్తాం తాతా. మీకు ఎవరు నేర్పారు?"

"ఏం నేర్పడం?" తాత అమాయకంగా తల గోక్కున్నాడు. "నాకు పేర్లు గుర్తుండవమ్మా. కొబ్బరిచెట్టు మీంచి పడ్డాను."

బయట మెట్ల మీద జోనాలిన్ ఆయన చొక్కా పట్టుకుంది. "మావయ్యా. ఆ రోజు ఎదురుగా చర్చి కనిపిస్తూనే ఉంది కదా?"

"ఏ రోజు?"

"నేను రోజూ చర్చి దాటాక బజారులో దిగి వెనక్కి నడిచిపోవడం మీరు అద్దంలో చూశారు."

"నువ్వెవరు?" అన్నాడు తాత.

"మీ కోడల్ని!"

"చూశావా, ఎంత గట్టిగా చెప్పావో" అని తాత జీప్నీ ఎక్కేశాడు.

తిరుగు దారిలో ముగ్గురూ పక్కపక్కన కూర్చున్నారు. వాళ్ళ వీధి దగ్గరపడుతుంటే జోనాలిన్ నోరు అలవాటుగా తెరుచుకుంది. బలవంతాన మూసుకుంది. తాత కిటికీలోంచి చూస్తూ "ఇంకా చాలా దూరంలే" అని ఆవలించాడు.

"ఆపు!" అని అరిచింది పిపాయ్.

డ్రైవరు ఉలిక్కిపడి బ్రేకు వేశాడు. చేపల బుట్ట ఒకటి దొర్లింది. బుట్ట తాలూకు ఆవిడ తిట్టబోయి, పిల్ల మొహం చూసి ఊరుకుంది. పిపాయ్ దర్జాగా దిగింది. దిగిన చోటు వాళ్ళ వీధి కాదు, రెండు వీధుల ముందు. తల్లీ తాతా ఒకరి మొహం ఒకరు చూసుకుని, మాట్లాడకుండా దిగి ఎండలో నడిచారు.

కొట్టు ముందు కోరింగ్ గరిటెతోనే నిలబడి ఉంది. సైకిళ్ళ పిల్లలంతా అక్కడే ఉన్నారు. "ఏమైందే?" అని ఆమె అడిగేలోపే జోనాలిన్ బల్ల ముందు కూర్చుని, బల్ల చరిచి, వీధంతా వినపడే తన పాత జీప్నీ గొంతుతో కేక వేసింది.

"కోరింగ్ అక్కా! మూడు ఐస్‌క్రీములు! వేడిగా!"

కోరింగ్ గరిటె గాల్లోనే ఆగిపోయింది. మామా కోడళ్ళకి ఒకేసారి పిచ్చి పట్టిందా అని ఆమె చూస్తుండగానే రెండు గొంతులు కలిసి అరిచాయి.

"కాదు!" అంది పిపాయ్.

"ఐస్‌క్రీం కాదమ్మా, బాచోయ్!" అన్నాడు తిబో తాత.

వీధి అంతా తిరిగి ఆయన వంక చూసింది. తాత నాలుక కరుచుకుని, గబగబా కోరింగ్ పిల్లిని ఒళ్ళోకి తీసుకుని, "ఈ మేకకి కూడా ఒకటి" అన్నాడు.